మందుల కొట్టు మానేశాక పనులు గుర్తుచేసేది ఎవరు? మిరప, పత్తి రైతుకు వెనక్కి లెక్కపెట్టే ప్లానింగ్

పైన వీడియోలో మా వసారా గోడ మీద పాత క్యాలెండర్లు తిప్పి అంటించి, వాటి వెనక గళ్లు గీసి రాసిన చార్టు కనపడుతుంది. వీడియోలో రెండు నిమిషాలే చూపించగలిగాను. అది ఎందుకు గీశాం, ఎలా గీశాం, గీశాక ఇంట్లో ఏం గొడవైంది అన్నది వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య నల్లరేగడి మాది. మూడెకరాలు. సగం పత్తి, సగం మిరప. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చిన కొత్తలో నేను అనుకున్నది ఒక్కటే: కషాయాలు నేర్చుకుంటే చాలు. ట్రైనింగుల్లో కూర్చుని బీజామృతం, ఘన జీవామృతం, ద్రవ జీవామృతం, నీమాస్త్రం, అగ్నాస్త్రం, దశపర్ణి అన్నీ నోట్సు రాసుకున్నాను. ఏది ఎన్ని కిలోలు, ఎన్ని లీటర్లు అంటే నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కాకపోతే ఏది ఎప్పుడు మొదలెట్టాలి అన్నది మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

దాని ఫలితం 2021లో తెలిసింది. ఆ ఏడాది నవంబర్, డిసెంబర్ నెలల్లో మన గుంటూరు, ప్రకాశం మిరప మీద నల్ల తామర పురుగు ఎలా పడిందో గుర్తుండే ఉంటుంది. పూత లోపల చేరి పిందె కట్టనివ్వలేదు. మూడు రోజులకోసారి మందు కొట్టినవాళ్ల చేలు కూడా నిలవలేదు. చాలామంది పీకేసి మొక్కజొన్న, శనగ వేసుకున్నారు. నేను కషాయం కొడదామని చూస్తే ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క గోతం వేప గింజలు.

ఇక్కడ కాస్త లెక్క చూడండి. ఐదు శాతం వేప గింజల కషాయానికి 100 లీటర్ల నీటికి 5 కిలోల పప్పు కావాలి. ఎదిగిన మిరపకి ఎకరానికి 200 లీటర్లు పడుతుంది, అంటే 10 కిలోల పప్పు. ఎకరంన్నరకి ఒక విడతకి 15 కిలోలు. నాలుగు విడతలకి 60 కిలోలు. గింజ పైపెంకు కొట్టి తీస్తే పప్పు సగం వస్తే గొప్ప. అంటే ఎండిన గింజలు తక్కువలో తక్కువ 120 కిలోలు చేతిలో ఉండాలి. నా దగ్గర గోతం ఉంది, ముప్పై, ముప్పై ఐదు కిలోలు. అది ఒక విడతకి సరిపోయింది.

సరే, ఇంకో మూడు గోతాలు తెచ్చుకుందాం అంటే వేప పండు రాలేది జూన్, జూలైలో. ఏరాల్సింది అప్పుడు. కడిగి, నీడన ఎండబెట్టి, గాలి తగిలే చోట పెట్టుకోవాల్సింది అప్పుడు. డిసెంబర్లో చెట్టు కిందకి పోతే ఏముంటుంది, ఆకులు తప్ప. కానీ జూన్, జూలై అంటే పత్తి విత్తే రోజులు. చేలో పని ఒకవైపు, నారుమడి ఒకవైపు. ఎప్పుడో డిసెంబర్లో రాబోయే పురుగు కోసం ఆషాఢంలో చెట్టు కింద కూర్చుని పండ్లు ఏరడం ఎవరికి గుర్తొస్తుంది?

కషాయం ఉంటే ఆ ఏడాది పంట నిలిచేది అని నేను చెప్పడం లేదు. ఆ పురుగు ముందు ఎవరి మందూ నిలవలేదు. కానీ చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్న వేసి ఉంటే, నీలం రంగు జిగురు అట్టలు పూతకు ముందే కట్టి ఉంటే, గింజలు ఉండి ఉంటే కొంతైనా ప్రయత్నం చేశాం అనిపించేది. ఆ మూడింటిలో ఒక్కటీ నేను సరైన టైముకి చేయలేదు. అన్నీ నాకు తెలిసినవే.

అప్పుడు ఆలోచిస్తే నాకో విషయం తట్టింది. మందులు వాడే రోజుల్లో మన పని నడిపించింది మనం కాదు, మందుల కొట్టు. ఆకు ముడత వచ్చిందంటే సాయంత్రం బండేసుకుని పోయి ఆకు చూపిస్తాం. ఆయన డబ్బా ఇస్తాడు, ఏది కలపాలో చెప్తాడు, ఖాతాలో రాస్తాడు, వారం తర్వాత మళ్లీ రమ్మంటాడు. సరుకు నిల్వ ఆయనది, తేదీలు ఆయనవి, అప్పు కూడా ఆయనదే. మనం చేసింది పంపు వీపుకి తగిలించుకోవడం. కొట్టు మానేశాం, మంచిదే. కానీ ఆయన చేసే మేనేజరు పని కూడా ఆ రోజే మన మీద పడింది, అది మనం గమనించలేదు. కొట్టులో డబ్బా ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. ద్రవ జీవామృతానికి రెండు రోజులు, పుల్ల మజ్జిగకి నాలుగైదు రోజులు, దశపర్ణికి దాదాపు నలభై రోజులు, వేప గింజకి ఐదు నెలలు ముందు కదలాలి.

పట్నంలో దీన్ని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటారు. మా పెద్దోడు ఉద్యోగంలో చేరాక ఫోన్లో చెప్పాడు, "నాన్నా, మేం చేసేది ఇదే, డెలివరీ డేట్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటాం" అని. నేను నవ్వాను. మా నాన్న పెళ్లి ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసి పందిరి గుంజలు ఎప్పుడు కొట్టించాలో, పప్పు ఎప్పుడు విసిరించాలో చెప్పేవాడు. అదే లెక్క. పెళ్లికి చేసే ప్లాను చేనుకి చేయం, అంతే తేడా.

ఇప్పుడు చార్టు సంగతికి వద్దాం. మొదటి గడి "ఏ రోజుకి కావాలి". రెండోది "ఎన్ని రోజులు పడుతుంది". మూడోది "అంటే ఎప్పుడు మొదలు". నాలుగోది "ఎవరు". ఐదోది "ఇది కాకపోతే ఏది ఆగుతుంది". ఈ ఐదు గళ్లు చాలు.

ఘన జీవామృతం తీసుకోండి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎకరానికి 400 కిలోలు దుక్కిలో వేయమంటారు. మాకు మూడెకరాలకి 1200 కిలోలు. మాకు రెండు నాటు ఆవులు. ఆవుకి రోజుకి పది కిలోల పేడ అనుకుంటే రోజుకి 20, నెలకి 600. ఇందులో ద్రవ జీవామృతానికి ఎకరానికి విడతకి 10 కిలోలు, నెలకి రెండు విడతలు, మూడెకరాలకి 60 కిలోలు పోతుంది. మిగిలేది 540. రెండు నెలల పైన కొంచెం అయితే సరిపోతుంది కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఏప్రిల్ ఆఖర్లో మొదలెట్టాను ఒకసారి. పచ్చి పేడలో ఎక్కువ భాగం నీళ్లే. నీడన ఆరాక కుప్ప చూస్తే సగానికి వచ్చింది. ఉన్నది పత్తికి చల్లేసి, మిరపకి ఉత్త చేతులతో నిలబడ్డాను.

ఇప్పుడు నేను వేసుకునే లెక్క నాలుగు నెలలు. జూలై మొదట్లో పత్తి విత్తనం అనుకుంటే మార్చి ఒకటికి మొదటి కుప్ప పడాలి. "మిరపకి ఆగస్టు దాకా టైముంది కదా, మిరప వంతు జూలైలో చేసుకుందాం" అని మా తమ్ముడు అన్నాడు. లెక్క ప్రకారం వాడు చెప్పింది కరెక్టే. కానీ జూలైలో వాన ముసురు, నీడన పెట్టినది ఆరదు, బూజు పడుతుంది. అందుకని మొత్తం ఎండల్లోనే చేసి గోతాల్లో కట్టేస్తాం. ఆరు నెలలు నిల్వ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఐదో గడి గురించి చెప్పాలి. "ఇది కాకపోతే ఏది ఆగుతుంది". 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ అనే కంపెనీ వాళ్లు ఫ్యాక్టరీ పనుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. వందల పనుల్లో ఏ గొలుసు ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో దాన్ని గుర్తుపట్టి, కళ్లన్నీ దాని మీద పెట్టడం. మిగతావి నాలుగు రోజులు అటూ ఇటూ అయినా కొంప మునగదు. మన మిరపలో ఆ గొలుసు ఏంటంటే: విత్తనం, నారుమడి, నాటు. నారు ఆరు వారాలకు నాటడానికి వస్తుంది. ఆగస్టు ఆఖరికి నాటాలంటే జూలై రెండో వారంలో మడిలో విత్తనం పడాలి. మడి తయారు కావాలంటే దానికి ముందే ఎరువు, బీజామృతం. దీంట్లో పది రోజులు జారితే ముదురు నారు, ఆలస్యపు నాటు, పూత టైముకి చలి, కోతలు ఎండల్లోకి. చివరికి మే నెలలో గుంటూరు యార్డుకి వేసవి సెలవులిచ్చే టైముకి మీ ఆఖరి కోత ఇంకా కళ్లంలో ఉంటుంది. ఎక్కడో జూలైలో పోయిన పది రోజులు ఇవి.

సరిహద్దు జొన్న కూడా ఈ గొలుసుకి కట్టి ఉన్నదే. మిరప నాటేనాటికి జొన్న కాస్త ఎత్తు ఉంటేనే అడ్డుగోడలా పని చేస్తుంది. మిరప నాటాక తీరిగ్గా వేస్తే రెండూ కలిసి పెరుగుతాయి, లాభం తక్కువ.

అదే నవధాన్యాల సంగతి చూడండి. వానలకు ముందు పొడి దుక్కిలో విత్తన గుళికలు చల్లుతాం కదా, దాన్ని కలియదున్నే స్థాయికి పెరగాలంటే కనీసం నెలన్నర, రెండు నెలలు కావాలి. పత్తి వేసే ఎకరంన్నరలో మే మొదటి వారం దాటితే ఇక టైము లేదు. మిరప వేసే ఎకరంన్నరలో జూన్ దాకా పోయినా ఫర్వాలేదు. కూలీలు ఒక్క రోజే దొరికితే ముందు ఏ చేను? చార్టు లేనప్పుడు ఇంటికి దగ్గరున్న చేను ముందు చల్లేవాణ్ణి. అది మిరప చేను.

పత్తి గురించి తక్కువే రాస్తాను, దానికి వేరే వీడియో ఉంది. లింగాకర్షక బుట్టలు విత్తిన నలభై ఐదు రోజులకల్లా కట్టాలి, ఎరలు నెలలోపు మారుస్తుండాలి. కాబట్టి ఎన్ని ఎరలు కావాలో జూలైలోనే లెక్కేసి తెచ్చుకోండి. ఇంకోటి, గులాబీ రంగు పురుగు భయానికి డిసెంబర్‌తో పత్తి ముగించెయ్యమని శాస్త్రవేత్తలు చెప్తారు. "ఇంకో తీత వస్తుంది కదా" అని మనం లాగుతాం. ముగింపు తేదీ కూడా చార్టులో రాయండి. రాయకపోతే అది ఎప్పటికీ రాదు.

ప్లాన్ వేస్తే దేవుడు వింటాడా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మిరప నీళ్లలో నిలబడింది, పత్తి తడిసి నల్లబడింది. ఏ చార్టూ దాన్ని ఆపలేదు. కాకపోతే మా చార్టులో ఎర్ర పెన్నుతో "ఒకవేళ" అని ఒక వరస రాసి ఉంది. నవంబర్, డిసెంబర్ అంటే మనకి తుఫానుల నెలలు అని అందరికీ తెలుసు. "ఒకవేళ తుఫాను హెచ్చరిక వస్తే: విచ్చిన పత్తి అదే రోజు తీయాలి, మురుగు కాలవ నోరు తెరవాలి, పట్టాలు దించాలి" అని ముందే రాసుకున్నాం. హెచ్చరిక రాగానే ఏం చేయాలా అని కూర్చోలేదు. రెండు రోజుల్లో మనుషుల్ని పెట్టి విచ్చిన మటుకు తీశాం. మిరపలో కొంత మూల ఎండు తెగులుకి పోయింది. కానీ నీళ్లు నిలబడింది ఒక్క పూటే. గట్టు ముందే కొట్టి పెట్టాం కాబట్టి.

ఇక నాలుగో గడి. "ఎవరు". నాకు అన్నిటికంటే కష్టమైన గడి ఇదే.

మేం ఐదుగురు రైతులం కలిసి పీజీఎస్ సర్టిఫికెట్ కోసం గ్రూపుగా ఏర్పడ్డాం. ఒక సీజన్లో పట్నం నుంచి ఒక కొనుగోలుదారు వచ్చాడు. పది క్వింటాళ్ల ఎండు మిరప, మందుల అవశేషాలు లేవని ల్యాబు రిపోర్టు ఉంటే యార్డు రేటు మీద బాగానే ఎక్కువిస్తానన్నాడు. అందరం సరేనన్నాం. కాయ ఎండింది, తేమ పది, పదకొండు శాతానికి వచ్చింది, తొడిమలు తీశాం, గోతాలు కట్టాం. అప్పుడు ఆయన ఫోను: "రిపోర్టు పంపండి". శాంపిల్ ఎవరు పంపారు? నేను మా బాబాయి పంపాడనుకున్నాను. బాబాయి నేను పంపాననుకున్నాడు. మిగతా ముగ్గురూ మా ఇద్దర్లో ఎవరో పంపే ఉంటామనుకున్నారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందంటారే, అదన్నమాట. మేం పంపి, రిపోర్టు వచ్చేసరికి ఆయన వేరే చోట సరుకు తీసుకున్నాడు. ఆయన తప్పు లేదు. రిపోర్టు శుభ్రంగా వచ్చింది, దాన్ని చూసే మనిషి లేడు. ఏడాదంతా మందు చుక్క పడకుండా పండించిన కాయ, యార్డులో మందు కాయల పక్కన అదే రేటుకి పోయింది. ఆ రోజు యార్డు నుంచి వచ్చేటప్పుడు ఐదుగురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ రాత్రి మా వదిన అడిగింది, "మీ మీటింగులకి పుస్తకం లేదా మరిది గారూ?" అని. లేదన్నాను. ఆమె డ్వాక్రా సంఘంలో ఇరవై ఏళ్లుగా ఉంది. తీర్మానాల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. ప్రతి మీటింగుకీ తేదీ, ఎవరెవరు వచ్చారు, ఏం అనుకున్నారు, ఆ పని ఎవరిది, ఎప్పటిలోగా, కింద సంతకాలు. తర్వాతి మీటింగులో మొట్టమొదట చదివేది పోయినసారి అనుకున్న పని అయిందా లేదా అని. కాకపోతే ఎందుకు కాలేదో ఆ మనిషే లేచి చెప్పాలి. "డబ్బులు తిప్పుతున్నాం కదా, రాయకపోతే తన్నుకుంటాం" అంది. మనం ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఎక్కడో నేర్చుకోవాలి అనుకుంటాం గానీ, మన రాష్ట్రంలో లక్షల మంది ఆడవాళ్లకి అది ఎప్పటినుంచో వచ్చు. రైతు సాధికార సంస్థ 2016లో ప్రకృతి వ్యవసాయం పని మొదలెట్టినప్పుడు ఈ మహిళా సంఘాల మీదే కట్టుకుంటూ వచ్చింది, ఇంటింటికీ పంటల ప్రణాళిక రాయించింది కూడా ఆ దారిలోనే. 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది ఆ కార్యక్రమానికే. మా మగవాళ్ల గ్రూపు మాత్రం టీ కొట్టు దగ్గర నోటిమాట మీద నడిచేది.

వదిన చెప్పినట్టు ఒక పనికి ఒకే పేరు రాయడం మొదలెట్టాం. "అందరూ" అని రాయకూడదు, "మనం" అని రాయకూడదు. సాయం ఎవరైనా చేయొచ్చు, జవాబు చెప్పేది ఒక్కరే. తర్వాతి ఏడాది శాంపిల్ పని బాబాయిది. రెండో కోత కళ్లంలో ఉండగానే కాయ తీసుకుని బస్సెక్కాడు.

ఇంట్లో చార్టుకి కూడా ఇదే పెట్టాను. పేర్లు రాసి, వెనక్కి నిలబడి చూసుకుంటే ఇరవై ఏడు పనుల్లో పందొమ్మిదింటి ముందు మా ఆవిడ పేరే ఉంది. పేడ ఎత్తడం, మూత్రం పట్టడం, జీవామృతం రెండు పూటలా కలియతిప్పడం, వేప పండ్లు ఏరడం, పిండి విసరడం, నారుమడికి నీళ్లు. నా పేరు ఉన్నవి ఎక్కువగా "తేవడం", "మాట్లాడటం". ఆమె చార్టు చూసి ఏమీ అనలేదు. కాసేపాగి, "ఏమండీ, ఇందులో వంట రాయలేదు" అంది. ప్రకృతి వ్యవసాయంలో ఖర్చు తగ్గిందని నేను వీడియోల్లో చెప్తూ వచ్చాను. ఆ తగ్గిన ఖర్చులో ఎంత భాగం ఆమె నడుము మీదకి వెళ్లిందో నాకు గోడ మీద చూస్తే గానీ తెలియలేదు. జీవామృతం తిప్పడం, మూత్రం పట్టడం ఇప్పుడు నా పేరున ఉన్నాయి. కషాయాల రోజుల్లో ఒక మనిషిని కూలికి పెడుతున్నాం, ఆ కూలి లెక్కలో రాస్తున్నాం. లాభం కాస్త తగ్గి కనపడుతోంది, నిజమైన లాభం అదే మరి.

ఒక హెచ్చరిక. మొదటి ఏడాది నేను అతి చేశాను. అరవై పనులు, మూడు రంగుల పెన్నులు, రోజుకొక గడి. పది రోజులకే చార్టు ఒకదారి, చేను ఒకదారి. సాగర్ కాలవ చివరి భూములు మావి, నీళ్లు ఏ రోజు వస్తాయో మన చేతుల్లో లేదు. కాబట్టి తేదీ కాకుండా వారం రాయండి. జూలై 10 అని రాసే బదులు జూలై రెండో వారం. అలాగే ప్రతి గొలుసులో ఒక వారం ఖాళీ వదలండి. కర్నూలు వైపు నుంచి వచ్చే కోత కూలీల మేస్త్రీతో సంక్రాంతికి ముందే మాట్లాడి తేదీ రాసుకోండి, ఆ ఖాళీ వారం ఎక్కువగా ఖర్చయ్యేది అక్కడే. యాప్‌లు ఉన్నాయి, మా పెద్దోడు ఒకటి పెట్టిచ్చాడు కూడా. చేతికి పేడ ఉన్నప్పుడు ఫోను తీయలేం. గోడే నయం. ఆదివారం పొద్దున టీ తాగుతూ పది నిమిషాలు నిలబడి, అయినవి కొట్టేసి, కానివి పక్క వారంలోకి జరుపుతాం. రెండుసార్లు జరిగిన పని కింద గీత గీస్తాం. మూడోసారి జరగడానికి వీల్లేదు.

ఇది రాస్తున్నది జూన్ ఆఖరి వారంలో. మా ఊరి చెరువు కట్ట మీద వేప పండ్లు రాలుతున్నాయి. పిల్లలకి కిలోకి ఇంత అని చెప్పి ఏరిస్తున్నాం. ఇప్పటికి ఎండినవి డెబ్బై కిలోలు అయ్యాయి, ఇంకో యాభై కావాలి. జూలై మూడో వారం దాటితే చెట్టు కింద ఏమీ మిగలదు. ఆ గడి ముందు ఈసారి నా పేరే ఉంది.